పిల్లముడి

పాదువా నగరం. 1991 మార్చి 14, గురువారం, సాయంత్రం ఏడు గంటలు. చెప్పినవారు జెలిందో ఫ్రస్సోన్. రాసుకున్నవారు పోలీసు ఠాణా అధికారి, మారెషల్ కతాల్దో స్కాలీసే.

నా పేరు జెలిందో ఫ్రస్సోన్. మా నాన్న పేరు అమేదెయో. నాకు డెబ్బై రెండేళ్ళు. ఉండేది బత్తాల్యలో, కాలువ గట్టు మీది ఇంట్లో. వృత్తి ఏమిటని అడిగారు. సరుకు పడవ నడిపేవాణ్ణి. ఇప్పుడు సరుకు పడవలు లేవు కాబట్టి పింఛనుదారు అని రాస్తామన్నారు. పడవవాడు అనే రాయండని బతిమాలుకున్నాను, రాశారు. నా చదువు మూడో తరగతి దాకా. పేపరు చదవగలను, సంతకం చేయగలను. నా భార్య ఎల్సా పోయి ఆరేళ్ళయింది. నాకు ఒక్కతే కూతురు, పేరు ఫియొరెంజా. ఈ రోజు సాయంత్రం నాలుగుంబావు నుంచి డాక్టర్ ఫియొరెంజా. మందులిచ్చే డాక్టరు కాదు, విశ్వవిద్యాలయం పట్టాతో వచ్చే డాక్టరు. ఇది కేసుకి సంబంధించినది కాదని మారెషల్ గారు అన్నారు. సంబంధించినదే. అది లేకపోతే మేము ఈ ఊరే వచ్చేవాళ్ళం కాదు, కత్తీ బయటికి వచ్చేది కాదు.

ఈ వాంగ్మూలం నా స్నేహితుడు ఒలివో మరంగోన్ గురించి ఇస్తున్నాను. వాడు పక్క గదిలో బల్ల మీద కూర్చుని ఉన్నాడు. ఈ సాయంత్రం అయిదింటికి విశ్వవిద్యాలయం వెనక సందులో, విధుల్లో ఉన్న నగర గార్డు ఇవానో మీద కత్తి దూశాడని వాడి మీద ఫిర్యాదు. అది అలాగే నిలబడితే కోర్టు, శిక్ష తప్పవని మారెషల్ గారు నాకు నెమ్మదిగా, మర్యాదగా చెప్పారు. కత్తి ఎందుకు తీశావని ఒలివోని పదే పదే అడిగారు. వాడు టోపీ ఒళ్ళో పెట్టుకుని గోడకేసి చూస్తున్నాడు తప్ప నోరు విప్పలేదు. చెవుడేమో అన్నారు. చెవుడు కాదు. మేమిద్దరం ఒకే ఏడు పుట్టాం. సైన్యం నుంచి పిలుపు ఒకే ఏడు వచ్చింది. యుద్ధం నుంచి తిరిగొచ్చాక ఒకే పడవ మీద, ఒకే కుండలో వండుకుని బతికాం. నా బిడ్డకి జ్ఞానస్నానం నాడు దాన్ని చేతుల్లో పట్టుకున్న జ్ఞానతండ్రి వాడు. ఆ చేతులతో వాడు మనిషి మీద కత్తి దూశాడంటే నేను నమ్మకపోవడమే కాదు, నా కళ్ళతో చూసింది వేరే ఉంది. అది చెబుతాను. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమన్నాను. పొద్దున్నుంచి వరసగా చెప్పమన్నారు.

పొద్దున ఏడింటి బస్సుకి బయల్దేరాం. నేను, ఒలివో, ఇంకో స్నేహితుడు సెత్తీమియో బాల్దిన్. సెత్తీమియోదీ మా ఏడే. మేము పడవ మీద ఉంటే, వాడు గట్టు మీద గుర్రాన్ని తోలుతూ పడవని తాడుతో లాగించేవాడు. ఫియొరెంజా అంతకు ముందు బస్సుకే వెళ్ళిపోయింది. తన పరీక్ష మధ్యాహ్నం మూడింటికి. గుమ్మంలో నిలబడి ఒకటే మాట చెప్పింది.

"నాన్నా, మీ ముగ్గురూ మూడింటి దాకా నా కంట పడకండి. నువ్వు ముందు వరసలో కూర్చుని ముక్కు చీదుతుంటే నాకు నా పేరు కూడా గుర్తుండదు."

కాబట్టి మాకు మూడింటి దాకా ఊరు చూడటమే పని. ఇందులో నవ్వొచ్చే సంగతి ఒకటుంది. ముప్పయ్యేళ్ళు ఈ ఊరికి కొండరాయి, ఇసుక, బొగ్గు, చక్కెర దుంపలు తెచ్చి పోశాం. ఇక్కడి ఇళ్ళలో సగం మా రాతి మీదే నిలబడ్డాయని ఒట్టేసి చెప్పగలను. కానీ ఊరు ఎప్పుడూ చూడలేదు. రేవులో కట్టెయ్యడం, దించడం, పడవలోనే పడుకోవడం, తెల్లారకముందే తాడు విప్పడం. పాదువా అంటే మాకు తెలిసింది ఇళ్ళ వెనక గోడలు, ఆరేసిన బట్టలు, వంతెనల అడుగు భాగాలు. ముందు వైపు ఎలా ఉంటుందో ఈ రోజే చూశాం. చాలా బాగుంది. ఎల్సా చూస్తే బాగుండేది.

ముందుగా పోర్తెల్లో రేవుకి వెళ్ళాం. ఆ వెడల్పాటి రాతి మెట్లు అలాగే ఉన్నాయి. నీళ్ళ మీద ఒక్క పడవ లేదు, రెండు బాతులున్నాయి. కింది నుంచి మూడో మెట్టుకి ఎదురుగా మా పడవ కట్టి ఉన్నప్పుడు, 1950 ఫిబ్రవరిలో, పొగమంచులో, నా కూతురు పుట్టింది. మంత్రసానిని పిలవడానికి సెత్తీమియో గుర్రం మీద వెళ్ళాడు. వాడు వచ్చేసరికి పిల్ల వచ్చేసింది. ఆ మెట్టు మీద ముగ్గురం కూర్చుని రొట్టె, సాసేజి తిన్నాం. సెత్తీమియో ఆ బాతుల్ని చూసి, "మీకేమర్రా, రేవంతా మీదే, సుంకం కూడా లేదు" అన్నాడు. ఒలివో మెట్టు పక్కనున్న రాతి మీద చెయ్యి పెట్టాడు. మా తాళ్ళు రాసి రాసి అక్కడ బొటనవేలు పట్టేంత గాడి పడింది. వాడు అందులో బొటనవేలు పెట్టి చాలాసేపు ఉంచాడు.

అక్కణ్ణుంచి ఊరి మధ్యకి నడిచాం. ఒకప్పుడు ఊరి మధ్యనుంచి పోయే కాలువని యాభైల చివర్లో పూడ్చేసి రోడ్డు వేశారు. దాని మీద ఇప్పుడు బస్సులు తిరుగుతాయి. మేము కాలువ ఉన్నప్పటి వరసలోనే నడిచాం. ముందు సెత్తీమియో, గుర్రాన్ని తోలినట్టు. మధ్యలో నేను. వెనక ఒలివో, చుక్కాని వాడు. ఎవరూ అనుకోలేదు, కాళ్ళే అలా సర్దుకున్నాయి. ఒకచోట ఒలివో వెనక నుంచి, "వంతెన, తల దించు" అన్నాడు. అక్కడ వంతెన లేదు, కాలువే లేదు. ముగ్గురం తల దించాం. వెనక బస్సు హారను కొట్టింది.

బస్సు కోసం నిలబడ్డ అమ్మాయి ఒకతె, పాపం మంచి పిల్ల, ఏమైనా పోగొట్టుకున్నారా అని అడిగింది.

"అవునమ్మా, ఓ కాలువ పోయింది. ఇంత వెడల్పుంటుంది. నువ్వేమైనా చూశావా?" అన్నాడు సెత్తీమియో.

ఆ పిల్ల నవ్వింది. మేమూ నవ్వాం. నవ్వుతూ నవ్వుతూ నాకు కళ్ళు తడిశాయి. ఈ రోజంతా నా పరిస్థితి అదే, దేనికి నవ్వుతున్నానో దేనికి ఏడుస్తున్నానో నాకే తెలియడం లేదు. మారెషల్ గారు నాకు నీళ్ళిచ్చారు.

తరవాత సంత మీది పెద్ద సభాభవనంలోకి ఎక్కాం. అక్కడ ఏనుగంత కొయ్య గుర్రం ఉంది. సెత్తీమియో దాని చుట్టూ తిరిగి, పొట్ట తట్టబోతే కాపలావాడు వద్దన్నాడు. "పొట్ట చూస్తేనే తెలుస్తోంది, ఇది ఏనాడూ పడవ లాగలేదు" అని తేల్చేశాడు. కిందికి దిగి ఉడకబెట్టిన ఆక్టోపస్ తిన్నాం. ఏమీ కొనకపోయినా కూర్చోనిచ్చే ఆకుపచ్చ గది ఒక కాఫీ కొట్టులో ఉందని చిన్నప్పటి నుంచి విన్నాం. వెళ్ళి కూర్చున్నాం. నిజంగానే ఎవరూ ఏమీ అనలేదు. అలా ఊరికే కూర్చోవడం అలవాటు లేక సెత్తీమియోకి చెమటలు పట్టి, చివరికి మూడు కాఫీలు చెప్పాడు. పునీతుని గుడికి వెళ్ళి సమాధి రాతి మీద చెయ్యి పెట్టాం. నేను ఏం కోరుకున్నానో వేరే చెప్పక్కర్లేదు. అక్కణ్ణుంచి పెద్ద మైదానానికి వెళ్ళాం. అక్కడ నీటి చుట్టూ మహానుభావుల రాతి బొమ్మలు బారులు తీరి ఉన్నాయి. అందరూ బొమ్మల్ని చూస్తున్నారు. మేము నీళ్ళని చూశాం. పారుదల మందంగా ఉంది, అడుగున బురద పేరుకుంది. బాగు చేయించాలి.

ఇంతవరకూ కేసుకి సంబంధించినది ఒక్క ముక్క కూడా రాలేదని మారెషల్ గారు అన్నారు. వస్తోంది.

ఆ మైదానం పక్కనే ఒక కుర్రాడు కనిపించాడు. తల మీద లారెల్ ఆకుల దండ, ఒంటి మీద వాళ్ళ అమ్మమ్మ నైటీలాంటిది. ఎదురుగా గోడకి మనిషంత కాగితం అంటించి ఉంది. దాని మీద వాడి బొమ్మ, వాడి బతుకు మీద వెక్కిరింపు పద్యాలు. వాడు వాటిని గట్టిగా చదవాలి. తప్పు చదివినప్పుడల్లా స్నేహితులు వాడి నోట్లో వైను పోస్తున్నారు, డాక్టర్ డాక్టర్ అని బూతు పాట పాడుతున్నారు. తల్లి పక్కన నిలబడి నవ్వుతోంది. ఇదేమిటని ఒక పిల్లవాణ్ణి అడిగాం. ఈ ఊళ్ళో పట్టా వచ్చిన ప్రతి వాళ్ళకీ స్నేహితులు ఇలా చేస్తారట.

"ఇది లేకపోతే పట్టా వచ్చినట్టే కాదు తాతా. ఆ ప్రొఫెసర్లు ఇచ్చేది ఉత్త కాగితం" అన్నాడు.

మేము ముగ్గురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నా కూతురికి నలభై ఒకటి. పద్దెనిమిదేళ్ళుగా బడిలో ఆయా. గంట కొడుతుంది, గదులు ఊడుస్తుంది, పిల్లల ముక్కులు తుడుస్తుంది. సాయంత్రం బడి మూసేశాక బాయిలర్ గదిలో, వెచ్చగా ఉంటుందని, కూర్చుని చదువుకుంది. తనతో పరీక్ష రాసేవాళ్ళు ఇరవై మూడేళ్ళ పిల్లలు. తనని మీరు అంటారు, లేచి నిలబడి కుర్చీ ఇస్తారు. తన మీద బూతు పాట పాడేవాళ్ళెవరు?

"మరి మన పిల్లకి ఎవరు రాస్తారు?" అన్నాడు ఒలివో. పొద్దున్నుంచీ వాడు మాట్లాడింది అంతంత మాత్రం.

అప్పుడు టైము పన్నెండున్నర. మేమే రాద్దామనుకున్నాం. కాగితం వద్దు, గాలికి చిరుగుతుంది, గుడ్డ అయితే తెరచాపలా నిలబడుతుంది అన్నాను. సంతలో తెల్ల దుప్పటి ఒకటి, జనపనార తాడు ఒక చుట్ట కొన్నాం. తాడు కొనేముందు ఒలివో వాసన చూశాడు, మెలిక విప్పి చూశాడు, వద్దని రెండు చుట్టలు తిరగ్గొట్టాడు. మైదానంలో గడ్డి మీద దుప్పటి పరిచి, బూటు పాలిష్‌తో రాశాం. పద్యాలు సెత్తీమియోవి. బొమ్మ ఒలివో వేశాడు, పడవ మీద చీపురు పట్టుకున్న పిల్ల. పిల్ల సరిగ్గా రాలేదు కానీ పడవ అచ్చు మాదే. పద్యాలు రాయక్కర్లేదని మారెషల్ గారు అన్నారు, కానీ తరవాత తనే ఒకటి చెప్పమన్నారు. చెప్పాను.

ఊడ్చింది పద్దెనిమిదేళ్ళు సుద్దపొడి నేలంతా,
ఇక ఈమె రాలుస్తుంది, ఊడ్చుకోండి మీరంతా.

మూడింటికి పరీక్ష గదిలో వెనక బెంచీ మీద కూర్చున్నాం. నల్లకోట్ల పెద్దమనుషులు ఏడుగురు. నా కూతురు వాళ్ళ ఎదురుగా నిలబడి, ఊళ్ళు తిరిగే కుటుంబాల పిల్లలు చదువు ఎలా నేర్చుకుంటారో చెప్పింది. పడవల పిల్లలు, సర్కస్ పిల్లలు, గొర్రెల కాపరుల పిల్లలు. నాకు సగం అర్థం కాలేదు. చెయ్యి ఊపడం మాత్రం అర్థమైంది, అది ఎల్సా చెయ్యి ఊపినట్టే ఊపింది. తరవాత పెద్దమనుషులు మాట్లాడుకోవాలి, అందరూ బయటికి వెళ్ళండి అన్నారు.

అప్పుడే దుప్పటి కట్టాలనుకున్నాం. తలుపు దగ్గర సెత్తీమియోని కాపలా పెట్టి, నేనూ ఒలివో వెనక సందులోకి పరిగెత్తాం. గోడకి అంటించాలని మాకు తోచలేదు. మేము తెరచాప ఎత్తడం తప్ప గోడకి అంటించడం ఎరగం. సందుకి అడ్డంగా, మనిషి తల పైన తాడు కట్టి, దుప్పటి దాని మీద వేశాం. అటు చివర కిటికీ ఊచకి ఒలివో కట్టాడు. ఇటు చివర తాడు స్తంభం చుట్టూ తిప్పి, కిందికి తెచ్చి, స్తంభం మొదట్లో గుర్రాలు కట్టే ఇనప కడియానికి నేను కట్టాను. నేను కడుతుండగా సెత్తీమియో సందు మలుపులో నిలబడి కేకేశాడు.

"జెలిందో, మన పిల్లని పేరు పెట్టి పిలుస్తున్నారు, రారా."

కట్టేసి పరిగెత్తాను. మార్కులు నూటపదికి నూటమూడు. పెద్దమనుషులు అందరి ముందూ లేచి నిలబడి తన పేరు ముందు డాక్టర్ అని చదివారు. టైము నాలుగుంబావు. లారెల్ దండ నేను ఇంటి దగ్గరే మా కంచె కొమ్మలతో అల్లి, తడి గుడ్డలో చుట్టి తెచ్చాను. తన తల మీద పెట్టాను. ఒలివోని పెట్టమన్నాను ముందు, వాడు వద్దన్నాడు.

సందులోకి తీసుకెళ్ళాం. దుప్పటి చూసి నా కూతురు నిలబడిపోయింది. తనతో చదివిన ఆ చిన్న పిల్లలు కూడా వెంట వచ్చారు. వాళ్ళకి కావలసింది ఒక సాకు మాత్రమే. మొదటి పద్యం తను తప్పు చదివింది, ఏడుస్తూ చదివితే ఎవరికైనా తప్పులొస్తాయి. వెంటనే వైను పోశారు. బూతు పాట మొదలుపెట్టారు. నా జీవితంలో అంత మంచి బూతు పాట వినలేదు.

అప్పుడు గార్డు ఇవానో వచ్చాడు. కుర్రాడు మర్యాదస్తుడు, అది రాయండి. రోడ్డుకి అడ్డంగా ఏదీ కట్టకూడదు తాతా, విప్పెయ్యండి అన్నాడు. ఇంకొక్క పద్యం మిగిలింది బాబూ అన్నాను.

"చిన్న పద్యమేనా?" అన్నాడు.

"రెండే పాదాలు" అన్నాడు సెత్తీమియో.

సరేనని స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. కడియం దగ్గర మేము వదిలిన తాడు మెలిక ఒకటి వదులుగా నేల మీద ఉంది. అతని కుడి కాలు అందులో ఉంది. అతను చూసుకోలేదు. నేను చూశాను. చూసి, ఇప్పుడు విప్పేస్తాం కదా అనుకున్నాను.

అప్పుడే హోటలు కుర్చీలు పేర్చుకుని మూడు చక్రాల బండి సందులోకి వచ్చింది. పై కుర్చీల కాళ్ళు దుప్పటిలో చిక్కుకున్నాయి. ఇంజను మోతలో తోలేవాడికి మా అరుపులు వినబడలేదు. వాడు బండి ఇంకా వేగం చేశాడు. తాడు బిగుసుకుంది. నేల మీది మెలిక లేచి గార్డు చీలమండ పట్టి, స్తంభానికేసి నొక్కింది. నేను కడియం దగ్గరికి దూకి తాడు కొస లాగాను. రాలేదు. మళ్ళీ లాగాను. రాలేదు. ఒలివో నా పక్కనుంచి మోకాళ్ళ మీద జారుతూ వచ్చి, కత్తి తీసి, గార్డు కాలికి జానెడు దూరంలో తాడు కోశాడు. కుర్చీలు కూలాయి. గార్డుకి కనిపించింది తన మోకాలి దగ్గర తెరిచిన కత్తి, దాని వెనక ఒక ముసలాడి మొహం. తన్నాడు. ఒలివో వెల్లకిలా పడ్డాడు. గార్డు విజిలు ఊదాడు, మీ వాళ్ళు వచ్చారు. జరిగింది ఇది.

మారెషల్ గారు నన్ను రెండు ప్రశ్నలు అడిగారు.

మొదటిది, ఊరు చూడటానికి వచ్చినవాడి జేబులో కత్తి ఎందుకుంది. పడవవాడి జేబులో కత్తి లేకుండా ఎప్పుడుంటుంది? బిగుసుకునే తాడులో మనిషి కాలు పడితే, ఒక్క ఊపిరి పట్టేంత సేపే ఉంటుంది. అడగకూడదు, చెప్పకూడదు, కొయ్యాలి. తరవాత మాట్లాడుకోవచ్చు. మా పక్క పడవ మీద ఒకతను ఇంటి దగ్గర కత్తి మరిచిపోయి వచ్చిన రోజున వాళ్ళ తమ్ముడి కాలు పోయింది. పడవలు పోయి ఇన్నేళ్ళయినా ఒలివో కత్తి జేబులోనే ఉంటుంది. పెళ్ళిళ్ళకీ ఉంటుంది, గుడికీ ఉంటుంది. నా దగ్గర ఈ రోజు లేదు. కూతురి పట్టా కదా అని కొత్త కోటు వేసుకుని, పాత కోటులో వదిలేశాను.

రెండో ప్రశ్న అడగడానికి మారెషల్ గారు కలం కింద పెట్టారు. "పెద్దాయనా, మా నాన్న కూడా చేపల పడవ మీద పనిచేశాడు. పడవవాళ్ళు వేసే ముడి కొస పట్టి ఒక్కసారి లాగితే ఊడొస్తుంది. ఊడాలనే అలా వేస్తారు. మరి కత్తితో పనేంటి? ఊడే ముడి ఉండగా కత్తి తీశాడంటే అది తాడు కోసం కాదని ఎవరైనా అంటారు."

ఈ మాట వస్తుందని నాకు తెలుసు. ఒలివోకీ తెలుసు. అందుకే వాడు గోడకేసి చూస్తున్నాడు. వాడు నోరు విప్పితే ఈ ప్రశ్నకి జవాబు చెప్పాలి. జవాబులో నా పేరుంటుంది. డెబ్బై రెండేళ్ళ పడవవాడు ఊడని ముడి వేశాడని పోలీసు ఠాణాలో చెప్పడం కన్నా జైలుకి వెళ్ళడం వాడికి నయం. బత్తాల్యలో ఎవరినడిగినా చెబుతారు, మాలో ఒకణ్ణి దొంగ అన్నా పడతాడు కానీ ముడి రాదంటే పడడు.

కాబట్టి నేనే చెబుతున్నాను, రాయండి. ఆ ముడి నాది. నేను తప్పు ముడి వేశాను.

ఎలా వేశానో కూడా చెబుతాను. పడవ మీద అన్ని ముళ్ళూ ఒక్క లాగుకి ఊడాలి, ఒక్కటి తప్ప. నడక వచ్చిన పిల్లల్ని పడవ మీద ఊరికే వదలలేం. నడుముకి తాడు కట్టి, రెండో కొస తెరచాప స్తంభానికి కడతాం. ఆ తాడు పిల్ల లాగినా, ఆడుకుంటూ ఇంకెవరు లాగినా, అలలు లాగినా ఊడకూడదు. దాన్ని పిల్లముడి అంటాం. ఫియొరెంజాకి ఆరేళ్ళు వచ్చి బడికి వెళ్ళేదాకా ప్రతి తెల్లవారుజామునా అది నేను వేశాను, ప్రతి రాత్రీ కూర్చుని వేళ్ళతో నెమ్మదిగా విప్పాను. ఆ తరవాత మళ్ళీ వెయ్యలేదు, వేసే పని పడలేదు. ఈ రోజు కడియం దగ్గర వంగి ఉన్నప్పుడు మన పిల్లని పేరు పెట్టి పిలుస్తున్నారని సెత్తీమియో కేకేశాడు. నా కళ్ళు సందు మలుపు వైపు ఉన్నాయి. చేతులు వాటి పని అవి చేసుకున్నాయి. ఏం చేశాయో, తాడు కొస లాగి రానప్పుడు గానీ నాకు తెలియలేదు.

నేను చెప్పిందంతా అబద్ధం అనుకుంటే ఒక పని చెయ్యండి అన్నాను. గార్డు బాబుని పిలిచి, కుడి కాలి మేజోడు కిందికి లాగి చూడమన్నాను.

ఇక్కడ వాంగ్మూలం కాసేపు ఆపారు. గార్డు ఇవానోని పిలిచారు. అతను కుర్చీలో కూర్చుని బూటు విప్పాడు. చీలమండ చుట్టూ తాడు మెలిక అచ్చు పడి, ఎర్రగా కమిలి ఉంది. నొప్పి ఉందని అతనికి తెలుసట, తన్నినప్పుడు తగిలిందనుకున్నాడట.

"నేను కత్తి చూశాను. తాడు చూడలేదు" అన్నాడు.

ఆ మాట అతని పేరు మీద విడిగా రాసుకున్నారు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని అన్నాడు. నేను లేచి అతన్ని ముద్దు పెట్టుకున్నాను. అది రాయక్కర్లేదన్నారు, నేను రాయమన్నాను.

ఇంకా నేను చెప్పాల్సింది ఏమీ లేదు. ఉందనుకోండి, కానీ మారెషల్ గారు గడియారం వైపు చూస్తున్నారు. బయట వరండాలో నా కూతురు దండ తియ్యకుండా కూర్చుని ఉంది. ఒలివో రాకుండా భోజనానికి లేవనంటోంది. తనతో చదివిన పిల్లలు నలుగురు కూడా కూర్చున్నారు. సెత్తీమియో వాళ్ళకి చివరి పద్యం నేర్పుతున్నాడు, ఇక్కడికి వినబడుతోంది.

నేను చెప్పింది ఇంతే. ఇందులో ఎక్కువ చెప్పింది ఏమైనా ఉంటే అది నా సంతోషం, అబద్ధం మాత్రం లేదు. ఎవరూ భయపెట్టలేదు, నీళ్ళిచ్చారు. నాకు చదివి వినిపించారు, నా మాటలే. కింద నా చేతితో సంతకం చేస్తున్నాను.

(సంతకం) జెలిందో ఫ్రస్సోన్, పడవవాడు

రాసుకున్న అధికారి అనుబంధం: పై వాంగ్మూలంలో తనకి సంబంధించిన భాగం ఒలివో మరంగోన్‌కి ఏడూ యాభైకి చదివి వినిపించాను. ఠాణాకి తెచ్చినప్పటి నుంచి ఆయన నోరు విప్పడం ఇదే మొదలు. ఆయన అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టుగా:

"తప్పు ముడి అని రాశారు, అది కొట్టెయ్యండి. నేను చూడగానే గుర్తుపట్టాను. అది పిల్లముడి. చక్కగా వేశాడు. దాన్ని కొస పట్టి లాగేవాడు తెలివితక్కువవాడు, వాడు రెండుసార్లు లాగాడు."

జెలిందో ఫ్రస్సోన్‌ని తిరిగి లోపలికి పిలిచి, ఒప్పుకుంటారా అని అడిగాను. తల ఊపారు. అందువల్ల పై వాంగ్మూలంలో "తప్పు ముడి" అన్న చోట "తప్పు" అన్న మాట కొట్టివేసి, "పిల్ల" అని దిద్దడమైనది. దిద్దుబాటు పక్కన ఇద్దరూ సంతకం చేశారు. కత్తి దాని యజమానికి తిరిగి ఇవ్వడమైనది.

(సంతకం) కతాల్దో స్కాలీసే, మారెషల్